పాత ఇల్లు: ఒక్కో గదీ బాగు చేయించుకుంటూ పోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతిల్లు_కొత్తరంగు

అందరికీ నమస్కారం. మాది నలభై ఏళ్ళు దాటిన డాబా ఇల్లు. రెండు పడక గదులు, హాలు, వంటగది, ఒక బాత్రూమ్, వెనక సామాన్ల గది. ఇల్లు ఖాళీ చేసి మొత్తం ఒకేసారి చేయించే వీలు లేదు. డబ్బు కూడా విడతలుగానే చేతికొస్తుంది. అందుకని ఒక గది తీసుకుని అది పూర్తిగా అయ్యాక ఇంకో గది, ఇలా రెండు మూడేళ్ళలో ఇల్లంతా పూర్తి చేద్దామనుకుంటున్నాం.

ముందు హాలు (వచ్చినవాళ్ళకు కనపడేది అదే కదా), తర్వాత పడక గదులు, తర్వాత వంటగది, ఆఖరున బాత్రూమ్. ఈ వరస సరైనదేనా? పాత ఇళ్ళు బాగు చేయించినవాళ్ళు చెప్పండి.

రసమట్టం

మీ వరసను చివరి నుంచి మొదటికి చదవండి, చాలావరకు అదే సరైన వరస :)

హాలు ముందు చేయిస్తే ఏమవుతుందో చూడండి. పుట్టీ, రంగులు, కొత్త నేల అన్నీ అయ్యాక వంటగదికి వస్తారు. అక్కడికి కొత్త వైరు లాగాలంటే మెయిన్ బోర్డు నుంచి హాలు గోడ మీదుగానే రావాలి. బాత్రూమ్ పగలగొడితే ఆ చెత్తంతా హాల్లోంచే బయటికి పోవాలి. అంటే రంగు వేసిన గోడకు మళ్ళీ గాడి కొడతారు, కొత్త నేల మీద ఇటుక ముక్కలు ఈడుస్తారు.

గది గదిగా చేయించుకోవడంలో తప్పేం లేదు. కానీ గది గోడల దగ్గర ఆగనివి నాలుగున్నాయి: కప్పు మీద పడే వాన నీళ్ళు, పైపుల్లో నీళ్ళు, కరెంటు, నేల మట్టం. వీటికి మాత్రం ఇల్లంతటికీ కలిపి ఒకే ప్లాను ముందే కాగితం మీద ఉండాలి. గదుల వారీగా చేసుకునేది పైపని మాత్రమే.

కొన్ని వివరాలు కావాలి. కప్పు ఎక్కడైనా కారుతోందా? మెయిన్ బోర్డులో ఉన్నవి ఫ్యూజులా, ఎంసీబీలా (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు)? పైపులు ఇనుపవా? గోడలు సున్నంతో కట్టినవా, సిమెంటుతోనా? కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్ళు ఏమైనా ఉన్నాయా?

సూటిమాట

నేను ఒప్పుకోను. కొన్నాళ్ళు అద్దెకు వెళ్ళి మొత్తం ఒకేసారి చేయించుకోవడమే మంచిది. గది గదిగా అంటే ప్రతిసారీ మేస్త్రిని కొత్తగా మాట్లాడుకోవాలి, ప్రతిసారీ ఇసుక, సిమెంటు దింపాలి, ప్రతిసారీ చెత్త ఎత్తించాలి. చిన్న పనికి మంచి పనివాళ్ళు రారు. వచ్చినా, పెద్ద పని తగిలిందంటే మీది సగంలో వదిలేసి పోతారు.

పైగా మూడేళ్ళు దుమ్ములో బతకాలి. మొదటి గదికి ఉత్సాహం అయిపోతుంది, రెండో గదికి ఓపిక అయిపోతుంది, మూడో గదికి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు అయిపోతాయి.

గోరింట

సూటిమాట గారూ, ఆఖరి ముక్కకి గట్టిగా నవ్వాను. నిజమే. కానీ వీలు లేదని వాళ్ళు మొదటి పోస్టులోనే చెప్పారు కదండీ.

గది గదిగా చేయడంలో ఒక లాభం ఉంది, దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. మొదటి గదిలో పనివాళ్ళ పనితనం తెలిసిపోతుంది. నచ్చకపోతే రెండో గదికి మార్చుకోవచ్చు. ఇల్లంతా ఒక్కరికే అప్పజెప్పి, సగం అడ్వాన్సు ఇచ్చాక మార్చడం మాటలు కాదు.

అందుకే మొదటి గదిగా తక్కువ వాడే గది తీసుకోండి. మీకు వెనక సామాన్ల గది ఉంది కదా, దాంతో మొదలుపెట్టండి. అక్కడ ప్లాస్టరింగ్ కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. ఆ గది అయ్యాక, మిగతా గదుల్లో ఒక్కోదాన్ని ఖాళీ చేసినప్పుడల్లా ఆ సామాను ఇందులోకి చేరుతుంది. ఇంట్లో ఉంటూ పని చేయించేవాళ్ళకి సామాను పెట్టుకోవడానికి ఖాళీ గది లేకపోతే నరకమే.

దుమ్ము సంగతి. పని జరిగే గది గుమ్మానికి పైనుంచి కిందిదాకా మందపాటి ప్లాస్టిక్ షీటు అంటించి, మనిషి పట్టేంత నిలువుగా కోసి, దాని మీద ఇంకో షీటు పరదాలా వేలాడదీయండి. ఆ గది కిటికీలో ఒక ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టండి. అప్పుడు మిగతా ఇంట్లోని గాలి ఆ గదిలోకి లాగబడుతుంది, అక్కడి దుమ్ము ఇటు రాదు. ఇటుక, సిమెంటు కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. చేతి రుమాలు కట్టుకుంటే ఆగదు. ఎన్95 లాంటి మాస్కు కావాలి, మీకే కాదు, పనిచేసేవాళ్ళకు కూడా కొనిపెట్టండి.

వోల్టుమీటర్

కరెంటు విషయం నేను చెప్తాను, అది నా రోజువారీ పని.

పాత ఇంట్లో ముందు చూడాల్సింది ఎర్తు. సాకెట్‌కి మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఎర్తు రంధ్రం వెనక అసలు వైరే లేని ఇళ్ళు బోలెడు చూశాను. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు రెసిస్టెన్స్, వైర్ల ఇన్సులేషన్ రెసిస్టెన్స్ రెండూ మీటరుతో కొలవమనండి. కంటితో చూసి "బాగానే ఉంది" అంటే ఒప్పుకోవద్దు. వైరు మీది తొడుగు వంచగానే పెళుసుగా విరిగి రాలుతుంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. అలాంటప్పుడు వంటగది వంతు వచ్చేదాకా ఆగుదాం అనుకోవద్దు, ఆ లైను వెంటనే మార్చాలి.

కొన్ని పాత ఇళ్ళలో అల్యూమినియం వైర్లు ఉంటాయి. గది గదిగా మార్చేవాళ్ళకు సగం ఇల్లు కొత్త రాగి, సగం పాత అల్యూమినియం అనే దశ తప్పకుండా వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. రెండింటినీ కలిపి మెలేసి టేపు చుట్టేస్తే ముందు కాలేది ఆ జాయింటే. వేడికి అల్యూమినియం రాగి కన్నా ఎక్కువ సాగుతుంది, పైగా దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును సరిగ్గా పోనివ్వదు. జాయింటు వదులవుతుంది, వేడెక్కుతుంది, ఇంకా వదులవుతుంది. రెండు లోహాలనూ కలపడానికే చేసిన కనెక్టర్లు ఉంటాయి, కలపక తప్పకపోతే అవి వాడాలి.

ఏ గదితో మొదలుపెట్టినా సరే, దానికన్నా ముందు కొత్త డిస్ట్రిబ్యూషన్ బోర్డు (గదులకు కరెంటు పంచే బోర్డు) పెట్టించండి. అన్ని గదులకూ సరిపోయి ఇంకొన్ని ఖాళీలు మిగిలేంత పెద్దది. గదికో సర్క్యూట్ ఉంటే పని జరిగే గదికి మాత్రమే కరెంటు తీసేయొచ్చు, మిగతా ఇల్లు నడుస్తుంది. అందులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, అంటే మధ్యలో ఎక్కడో భూమికో మనిషికో లీకవుతుంటే, అది క్షణంలో సప్లై ఆపేస్తుంది. పాత వైరింగ్‌కి తగిలించగానే మాటిమాటికీ పడిపోవచ్చు. చిరాకేసి దాన్ని తీయించేవాళ్ళున్నారు. అది పడిపోతోందంటే మీ ఇంట్లో లీకు ఉన్నట్టు, ఆ లీకును వెతికించండి.

ఎంసీబీ విషయం కూడా ఇంతే. అది కాపాడేది వైరును. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకు 1.5, సాకెట్లకు 2.5, గీజరు, ఏసీ లాంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడతారు (దూరం, లోడు, మీ దగ్గరి నిబంధనలను బట్టి మారుతుంది). ఊరికే పడిపోతోందని సన్నటి పాత వైరు మీద పెద్ద ఎంసీబీ బిగిస్తే, ఈసారి ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది.

ఇంకొకటి. గోడ తెరిచి ఉన్నప్పుడే అదనంగా ఒక ఖాళీ పైపు వేయించి, లోపల లాగుడు తీగ వదిలేయండి. ఏదో ఒక రోజు దానితో పనిపడుతుంది.

చినుకు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా పడక గది గోడ కింది భాగం నెమ్మెక్కింది. పెయింటు ఉబ్బి పొరలు పొరలుగా రాలుతోంది, కొన్నిచోట్ల తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు కొడితే చాలని ఒకరన్నారు. చెక్క ప్యానెల్ పెట్టి కప్పేయమని ఇంకొకరన్నారు. ఏది మేలు?

రసమట్టం

చినుకు గారూ, రెండూ వద్దు. ప్యానెల్ అయితే అసలు వద్దు, దాని వెనక బూజు పడుతుంది, చెదలు కూడా చేరే అవకాశం ఉంది. చెమ్మకు మందు వేసేముందు అది ఎటునుంచి వస్తోందో తేల్చాలి. గోడ మీద చెమ్మ ఎక్కడిదాకా ఉందో చూస్తే కొంత తెలుస్తుంది.

నేల నుంచి మీటరు, మహా అయితే మీటరున్నర ఎత్తుదాకా గోడ పొడవునా ఒకే గీతలా ఉంటే అది భూమి నుంచి ఎక్కుతున్న చెమ్మ అయ్యుండొచ్చు. పాత ఇళ్ళలో పునాది మీద చెమ్మను ఆపే పొర వేసి ఉండకపోవచ్చు, లేదా అది పాడైపోయి ఉండొచ్చు. ఒక్కోసారి పొర బాగానే ఉంటుంది, కానీ బయట మట్టి పోసీ పోసీ, గచ్చు మీద గచ్చు వేసీ బయటి నేలే ఆ పొర కన్నా ఎత్తయిపోతుంది. అప్పుడు బయట తవ్వి మట్టం తగ్గిస్తే చాలు, గోడకు ఏ మందూ అక్కర్లేదు.

ఒకే చోట మచ్చలా ఉంటే గోడ అవతల ఏముందో చూడండి. బాత్రూమా, పంపా, వాన నీటి గొట్టమా? కిటికీ కింద మాత్రమే ఉంటే బయట కిటికీ దిమ్మకు వాటం (వాలు) ఎటుందో చూడండి. లోపలికి వాటం ఉన్న దిమ్మలు చాలా ఉంటాయి. సన్‌షేడ్ అంచు కింద నీరు జారి పడేలా చిన్న గాడి ఉండాలి. అది సిమెంటుతోనో రంగుతోనో పూడుకుపోతే నీరు అంచు దగ్గర కింద పడకుండా, సన్‌షేడ్ అడుగునే పాకుతూ గోడకు చేరుతుంది.

చెమ్మకు మూలం ఎక్కడుందో తేలి, అది ఆగాక, ఉప్పు పట్టిన ప్లాస్టరు చెమ్మ గీత పైన ఇంకో అడుగుదాకా కొట్టేయాలి. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి అది గోడలో ఉన్నన్నాళ్ళూ చెమ్మ పోయినట్టు కనపడదు. తర్వాత గోడను వదిలేయండి, ఆరనివ్వండి. మందపాటి గోడ ఆరడానికి నెలలు పడుతుంది. అందరూ తొందరపడేది ఇక్కడే.

ఇక వాటర్‌ప్రూఫ్ పెయింటు. లోపలివైపు దారి మూసేస్తే నీళ్ళు పోవు, ఇంకా పైకి ఎక్కి పెయింటు అయిపోయిన చోట బయటపడతాయి. సున్నంతో కట్టిన గోడల్లో ఇది మరీ ఎక్కువ. సున్నం తేమను పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. అంతకుముందు శతాబ్దాల తరబడి ఎక్కువ భాగం కట్టడాలు సున్నంతోనే నిలబడ్డాయి. అలాంటి మెత్తటి గోడ మీద గట్టి సిమెంటు ప్లాస్టరు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, కొన్నేళ్ళకు ఆ ప్లాస్టరు ఇటుక పొడిని కూడా పట్టుకుని పలకలుగా ఊడుతుంది. సున్నం గోడకు సున్నం ప్లాస్టరే వేయాలి. దాని మీద కూడా గాలి ఆడే రంగే వేయాలి.

పాతిల్లు_కొత్తరంగు

చాలా థాంక్సండీ. మీరు అడిగినవన్నీ చూశాం. గోడలు ఇటుక, సిమెంటు. బోర్డులో పాత పింగాణీ ఫ్యూజులే. పైపులు ఇనుపవి, బాత్రూమ్‌లో పంపు తిప్పితే ముందు కాసేపు ఎర్ర నీళ్ళు వస్తాయి. పగుళ్ళు ఒకటి రెండు చోట్ల సన్నగా ఉన్నాయి.

భయపెట్టింది మాత్రం పడక గది స్లాబు. మూల దగ్గర పెచ్చు ఊడి కింద పడింది, లోపల ఊచలు తుప్పు పట్టి కనిపిస్తున్నాయి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే కనపడదని మా బంధువొకరు అంటున్నారు...

తాపీగా

కనపడదు, నిజమే. ఊడిపడే పెచ్చు సీలింగ్ మీద పడుతుంది, ఆ తర్వాత రెండూ కలిసి మంచం మీద పడతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆ మూల కింద ఎవరూ పడుకోకుండా మంచం జరపండి, ఈ రోజే.

అసలేం జరుగుతుందో చెప్తాను. కాంక్రీటుకు ఉండే క్షార గుణం వల్ల లోపలి ఊచకు తుప్పు పట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. ఊచను కప్పే కాంక్రీటు (కవరు) తక్కువగా ఉన్నచోట అది ముందుగా ఊచను చేరుతుంది. దానికి తోడు పైనుంచి నీళ్ళు దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బు కాంక్రీటును కిందికి తోసేస్తుంది. మీకు ఊడిన పెచ్చు అదే.

కాబట్టి పని పైనుంచి మొదలవ్వాలి. డాబా మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, వాన నీటి గొట్టం మూతి పూడుకుపోయిందేమో, పిట్టగోడ మొదట్లో పగులుందేమో చూసి ముందు అది సరిచేయాలి. వాటర్‌ప్రూఫింగ్ అంటే తెల్ల రంగు కొట్టేయడం కాదు, ముందు వాటం సరిచేయాలి. నీళ్ళు నిలిచే చోట ఎంత మంచి కోటింగ్ అయినా ఎక్కువ కాలం ఉండదు.

తర్వాత కింద. సుత్తితో మెల్లగా తడుతూ పోతే డొల్ల శబ్దం వచ్చేచోట్లు తెలుస్తాయి. వదులైనదంతా దింపి, ఊచ చుట్టూ, దాని వెనక కూడా వేలు దూరేంత కాంక్రీటు తీసి, వైరు బ్రష్‌తో తుప్పు మెరుపు వచ్చేదాకా రుద్ది, తుప్పు నిరోధక ప్రైమరు పూసి, పాతదానికి కొత్తది అతుక్కునేలా వేసే బాండింగ్ కోటు మీద పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టారుతో పొరలుగా పూడ్చాలి. మామూలు సిమెంటు, ఇసుక కలిపి కొట్టినది ఎక్కువ కాలం నిలవదు. ఊచ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త ఊచ కట్టాలి. ఎంత సన్నబడితే కట్టాలి, కింద జాకీలు పెట్టాలా, స్లాబు ఉంచాలా తీసేయాలా, ఇవన్నీ స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి చెప్పాల్సినవి. మేస్త్రి ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, నేనూ మేస్త్రినే కాబట్టి చెప్తున్నాను, ఈ ఒక్కదానికి ఇంజినీరును పిలవండి. గోడ తీసి గది పెద్దది చేద్దామనే ఆలోచన ఉంటే ఆయన వచ్చినప్పుడే అడగండి. నాలుగున్నర అంగుళాల గోడ కాబట్టి బరువు మోయదులే అనే లెక్క పాత ఇళ్ళలో నమ్మకూడదు.

ఆ సన్నటి పగుళ్ళకు రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. గీత దాటి పెరుగుతున్నాయో లేదో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. పెరగకపోతే నింపి రంగు వేసుకోవచ్చు.

సూటిమాట

అందుకే చెప్పాను, మొత్తం ఒకేసారి చేయించమని. కప్పు, కరెంటు, పైపులు అన్నీ ముందే చేయాల్సి వస్తే ఇక గది గదిగా చేసేది ఏం మిగిలింది?

గోరింట

చాలా మిగిలిందండీ. ప్లాస్టరింగ్, నేల, తలుపులు, అల్మరాలు, రంగులు, బాత్రూమ్ టైల్స్, వంటగది గట్టు. ఖర్చులో పెద్ద వాటా వీటిదే. ఇవన్నీ విడతలుగా చేసుకోవచ్చు.

వేదిక నిర్వాహకులు

చిన్న మనవి: రేట్లు, కొటేషన్ల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ పని గురించే మాట్లాడుకుందాం.

రసమట్టం

ఎర్ర నీళ్ళు అన్నారు కదా, అది పైపు లోపలి తుప్పు. జింకు పూత అరిగిపోయాక ఇనుప పైపు లోపల గడ్డలు కట్టి దారి సన్నబడుతుంది. బాత్రూమ్‌లో కొత్త షవరు పెట్టినా ధార రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ధార కోసమని ప్రెజర్ పెంచే మోటారు బిగిస్తే ఇంకో చిక్కు: ఆ ఒత్తిడికి మిగతా గదుల్లోని పాత జాయింట్లు వదులవుతాయి. ముందు ట్యాంకు నుంచి వచ్చే మెయిన్ లైను మార్చి, ప్రతి గది దగ్గరా ఒక వాల్వు పెట్టించండి. బాత్రూమ్ పని జరుగుతున్నప్పుడు వంటగదికి నీళ్ళు ఆగవు. వేడి నీళ్ళకు సీపీవీసీ లాంటి, దానికోసమే చేసిన పైపు కావాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

గోడలోకి వెళ్ళే పైపులను మూసేముందు ప్రెజర్ టెస్టు చేయించండి. చివర్లన్నీ బిగించి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ప్రెజర్ మీటరు ముల్లు దిగుతుందేమో మర్నాటిదాకా చూడాలి. "నా చేతి పని లీకవ్వదు సార్" అనే ప్లంబరు దగ్గరే ఈ టెస్టు ముందు చేయించాలి.

బాత్రూమ్‌లో నీళ్ళను ఆపేది టైల్స్ అనుకుంటారు చాలామంది. టైల్స్ మధ్య గ్రౌటు నీళ్ళను పూర్తిగా ఆపదు. ఆపేది కింద వేసిన వాటర్‌ప్రూఫ్ పొర. అది నేల మీదే కాక గోడల మీదికి కనీసం ఒక అడుగు ఎక్కాలి, స్నానం చేసే చోట తలెత్తు దాకా ఎక్కాలి. మూలల్లోనూ, పైపు నేలలోంచి వచ్చే చోటా టేపు పెట్టి వేయాలి, ఎక్కువ లీకులు అక్కడే. పొర ఆరాక ట్రాపు (నేల మీది నీళ్ళు డ్రైనేజీలోకి పోయే చోటి వంపు గొట్టం) మూసి, నేల మీద నీళ్ళు నింపి, 24 నుంచి 48 గంటలు వదిలి కింద చూడండి. ఇది అయ్యాకే టైల్స్. వాటం మీటరుకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ట్రాపు వైపు ఉండాలి. గుండ్రటి గోళీ పెడితే ఏ మూల నుంచైనా ట్రాపు దగ్గరికే దొర్లాలి. ట్రాపులో 50 మిల్లీమీటర్ల నీటి అడ్డు లేకపోతే డ్రైనేజీ వాసన తిన్నగా ఇంట్లోకే.

చెక్కపొడి

అందరూ పగలగొట్టేవే చెబుతున్నారు, ఉంచుకోవాల్సినవి కూడా చెప్పనివ్వండి.

పాత తలుపులు, కిటికీలు. నలభై ఏళ్ళ కిందటి మంచి కర్రకు రంగు పొరలు పొరలుగా పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, అందుకే అందరూ "పాడైపోయింది, యూపీవీసీ వేయించేద్దాం" అంటారు. ఒక దబ్బనంతో పొడిచి చూడండి. సులువుగా లోపలికి దిగేది పుచ్చిన చోటు. చాలావరకు అది దర్వాజా అడుగు భాగం ఒక్కటే, ఎందుకంటే నేల తడి తగిలేది అక్కడ. ఆ ముక్క కోసి అదే రకం కర్ర అతికిస్తే సరిపోతుంది. రెక్క వాలిందంటే తప్పు రెక్కది కాదు, బందులది. పెద్ద బందులు, పొడవు స్క్రూలు వేస్తే మళ్ళీ సరిగ్గా పడుతుంది. అయితే తట్టినప్పుడు డొల్లగా మోగి లోపల మట్టి కనపడితే చెదలు. అప్పుడు ముందు చెదల మందు, తర్వాతే కొత్త కర్ర.

నేల కూడా అంతే. పాత మొజాయిక్ ఉంటే దయచేసి దాని మీద టైల్స్ వేయకండి. మిషను పెట్టి పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా వస్తుంది, ఆ మందానికి ఇంకోసారి, మరోసారి కూడా పట్టించుకోవచ్చు.

సూటిమాట

మొజాయిక్ అందరికీ నచ్చాలని లేదు. టైల్ మీద టైల్ వేస్తే పగలగొట్టే పని లేదు, చెత్త లేదు. ఒక్క రోజులో గది అయిపోతుంది. గది గదిగా చేసేవాళ్ళకు ఇంతకన్నా సులువేముంది?

చెక్కపొడి

గది గదిగా చేసేవాళ్ళకే అది కష్టం. టైలు, కింద గమ్ము కలిపి నేల 10 నుంచి 15 మిల్లీమీటర్లు లేస్తుంది. తలుపు కింద కోయాలి. పక్క గది ఇంకా పాత మట్టంలోనే ఉంటుంది, మధ్యలో కాలికి తగిలే చిన్న మెట్టు. పెద్దవాళ్ళున్న ఇంట్లో పెద్ద మెట్టు కన్నా కనపడని చిన్న మెట్టే ప్రమాదం. బాత్రూమ్ నేల కూడా అలాగే లేపితే నీళ్ళు గదిలోకి వస్తాయి.

తాపీగా

ఇక్కడ నేను చెక్కపొడి గారి వైపు. టైల్ మీద టైల్ వేసుకోవచ్చు, కానీ పాతది ఎక్కడా డొల్లగా మోగకూడదు, పైన నునుపును గరుకు చేయాలి, టైల్ అడుగంతా గమ్ము పట్టాలి. మధ్యలో నాలుగు ముద్దలు పెట్టి వేసేస్తే ఆ ఖాళీల మీద బరువు పడినప్పుడు పగులుతుంది.

మట్టం కోసం ఒక పని చేయండి. ఏ గదీ మొదలుపెట్టకముందే, నీళ్ళ గొట్టంతోగానీ లేజర్‌తోగానీ ఇల్లంతా గోడల మీద ఒకే ఎత్తులో గీత కొట్టించండి. పూర్తయిన నేల నుంచి మీటరు ఎత్తు అని ఇల్లంతటికీ ఒకటే లెక్క. ఈ ఏడాది సామాన్ల గది, రెండేళ్ళ తర్వాత హాలు చేసినా, వేరే మేస్త్రి వచ్చినా, ఆ గీత నుంచి మీటరు కిందికి కొలుస్తాడు. రంగు వేసేటప్పుడు గీత పోతుంది కాబట్టి గడపల దగ్గర ఎక్కడైనా గుర్తు ఉంచుకోండి.

గోరింట

రెండు హెచ్చరికలు కూడా ఇక్కడ పెట్టేస్తాను. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ళ లోపల సీసం రంగులు వాడకూడదని అంతర్జాతీయ ఒప్పందం 1921లోనే వచ్చినా, అమెరికాలోనే ఇళ్ళకు వాడే రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. తలుపుల పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి, మంట పెట్టి కాల్చకండి. తడిపి గీకండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

రెండోది ఆస్బెస్టాస్ రేకులు. సామాన్ల గదుల మీద ఇవే ఉంటాయి చాలాచోట్ల. కదపకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కోసినా, రంధ్రం వేసినా, పగలగొట్టినా కంటికి కనపడని పీచు గాలిలో కలుస్తుంది, అది క్యాన్సర్‌కు కారణం. తీయించాలంటే ఆ పని తెలిసినవాళ్ళనే పిలవండి.

పాతిల్లు_కొత్తరంగు

మా సామాన్ల గది మీద రేకులే! మంచి సమయానికి చెప్పారు. అయితే అది ప్రస్తుతం కదపం.

ఇంజినీరు వచ్చి చూశారు. స్లాబు నిలుస్తుందట, రిపేరు చాలన్నారు. కాబట్టి ఇప్పటికి అనుకున్నది: డాబా వాటం, స్లాబు, కొత్త బోర్డు, మెయిన్ పైపు లైను, ఇవి ఈ విడతలో. స్లాబు పని ఎలాగూ ఉంది కాబట్టి ఆ పడక గదే మొదటి గది. తర్వాత బాత్రూమ్, వంటగది, రెండో పడక గది, ఆఖరున హాలు. హాలు గోడకు మాత్రం వైర్లు, పైపుల కోసం గాడులు ఇప్పుడే కొట్టించి ప్లాస్టరు పూసి వదిలేస్తాం. రెండేళ్ళు అతుకుల గోడతో ఉంటుంది. మా ఆవిడ ఒప్పుకుంది, అమ్మ ఇంకా ఒప్పుకోలేదు :)

వోల్టుమీటర్

గాడులు మూసేముందు ప్రతి గోడకూ ఫోటో తీసుకోండి, పక్కన కొలత టేపు కనపడేలా. రేపు అల్మరాకి రంధ్రం వేసేవాడికి వైరు ఎక్కడుందో చూపించొచ్చు.

సూటిమాట

సరే, కానివ్వండి. ఒక్కటి మాత్రం వినండి. అన్ని గదులకూ ఒకే టైలు అనుకుంటే ఇప్పుడే మొత్తం కొనేయండి, పదో వంతు అదనంగా. డబ్బాల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూసుకోండి. రెండేళ్ళ తర్వాత అదే పేరుతో కొన్నా రంగు కలవదు.

చెక్కపొడి

సూటిమాట గారు గది గదిగా చేసేవాళ్ళకు సలహా ఇస్తున్నారు, అందరూ గమనించాలి.

చినుకు

నాకు ఇంకో డౌటు. గోడ చెమ్మకు కారణం దొరికింది, వెనక వాన నీటి గొట్టం పగిలి ఉంది, మార్పించాం. మాది సిమెంటు గోడే. పాత ప్లాస్టరు కొట్టేశాం. గోడ ఆరాక కొత్త ప్లాస్టరు వేసి, ఎన్నాళ్ళకు రంగు వేయొచ్చు? పెయింటరు వారం చాలంటున్నాడు.

తాపీగా

వారం రోజులు నీళ్ళు పట్టడానికే పోతాయి. ఆ తర్వాత ఆరాలి. కొత్త సిమెంటు ప్లాస్టరులో క్షారం ఎక్కువ, తడిగా ఉండగా రంగు వేస్తే మచ్చలు పడి పొడిలా రాలుతుంది. 28 రోజులు ఆగమని మామూలుగా చెప్తారు, వానాకాలంలో ఇంకా ఎక్కువ పట్టొచ్చు. రోజులు లెక్కపెట్టడం కన్నా ఇది చేయండి: రెండడుగుల పాలిథిన్ షీటు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు లోపలివైపు నీటి ఆవిరి పట్టి ఉంటే ఇంకా ఆగాలి. పొడిగా ఉంటే ముందు క్షారాన్ని తట్టుకునే ప్రైమరు వేయించి, తర్వాత రంగుకు వెళ్ళండి. పుట్టీ అవసరమైతేనే, పల్చగా.